పధ్నాలుగో నంబరు బూట్లు

నెవిల్ హాల్సాల్ మా దుకాణానికి వచ్చేది పుస్తకాల కోసం. శుక్రవారం మధ్యాహ్నం బస్సు స్టాండులో పెట్టేసి, రెండో డ్యూటీకి ముందున్న నలభై నిమిషాల్లో తల వంచుకుని లోపలికి వచ్చేవాడు. మా గుమ్మం పొట్టిది, అతను పొడుగు. వెనకగోడ అరలోంచి గుర్రాలూ తుపాకులూ ఉన్న అట్టల పుస్తకాలు రెండు ఏరుకుని, ఒక్కోసారి టీ కప్పొకటి కూడా పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చేవాడు. కిటికీ కింద బూట్ల అర ఉంటుంది. దాని పక్కగా వెళ్తూ కూడా అటు చూసేవాడు కాదు. మాటల్లేని చుట్టం ఇంటిముందు నుంచి వెళ్తున్నట్టు మొహం తిప్పుకుని పోయేవాడు.

మాది హార్‌బెక్. ఊరి పైన కొండమీద, నయంకాని జబ్బుల వాళ్ళని చివరిదాకా చూసుకునే ఇల్లొకటి ఉంది. దాని ఖర్చుల కోసం నడిచే పాతసామాన్ల దుకాణం మాది. ఇచ్చేదీ ఊరివాళ్ళే, కొనేదీ ఊరివాళ్ళే. పందొమ్మిదేళ్ళుగా మంగళ, శుక్రవారాలు నేనక్కడ జీతం లేని కొలువు చేస్తున్నాను. జీతమున్నది ఐరిస్ ఒక్కత్తికే. ఆవిడ మేనేజరు. ధరల చీటీలు అంటించడం ఆవిడ పని, సంచులు విప్పడం నా పని.

నెవిల్ పాదాలు పధ్నాలుగో నంబరు. ఈ దేశంలో మగవాళ్ళ బూట్లు మామూలు దుకాణాల్లో పన్నెండుతో ఆగిపోతాయి. పదమూడేళ్ళకే అతని కాలు తండ్రి కాలిని దాటేసింది. బూట్ల ముందుభాగం తల్లి బ్లేడుతో కోసి, వేళ్ళు బయటికి పెట్టించి బడికి పంపేదట. పిల్లలు "పడవలొచ్చాయిరోయ్" అని అరిచేవాళ్ళు. అతని పొడుగు చూస్తే ఎవరైనా గోల్‌కీపరుగా తీసుకునేవాళ్ళే గానీ, కాళ్ళకి బూట్లుంటే కదా! పిన్నమ్మ పెళ్ళికి వానబూట్లతో వెళ్ళి, ఫొటోలో కుర్చీ వెనక నిలబడ్డాడు. పెద్దయ్యాక బస్సు కంపెనీవాళ్ళు రబ్బరు అడుగుల నల్లబూట్లు ఏవో తెప్పించి ఇచ్చారు. ఉద్యోగానికీ అవే, చర్చికీ అవే, తల్లి అంత్యక్రియలకీ అవే. పెళ్ళి చేసుకోలేదు. ఒకమ్మాయి డాన్సుకి రమ్మంటే "నాకు మోకాలు నొప్పి" అని తప్పించుకున్నానని నాకు తర్వాతెప్పుడో చెప్పాడు. మోకాలికేమీ లేదు.

ఇదంతా అతను ఏడవకుండా, నవ్వకుండా, బస్సు వేళలు చెప్పినట్టు చెబుతాడు.

పధ్నాలుగేళ్ళ కిందట ఒక అక్టోబరు ఉదయం దుకాణం తెరిచేసరికి గుమ్మం దగ్గర ఒక సంచి ఉంది. విప్పితే చక్కటి గోధుమరంగు తోలుబూట్లు. ముందుభాగంలో చిన్న చిన్న చిల్లులతో నగిషీ, లోపల ఆకారం చెడకుండా చెక్క అచ్చులు. అడుగు తిప్పి చూస్తే పధ్నాలుగు. వాటిని అరలో పెట్టలేదు. బల్ల కింద దాచాను.

శుక్రవారం నెవిల్ వచ్చాక, "ఇవి ఒకసారి వేసుకుని చూడు" అన్నాను.

"వద్దులే డోరీన్. నాకు పట్టవు."

"అడుగు చూసి మాట్లాడు."

అడుగు చూశాడు. చేత్తో తుడిచి మళ్ళీ చూశాడు. కుర్చీలో కూర్చుని, మేజోళ్ళకి చిరుగు ఉందేమోనని ముందు ఒకసారి తడుముకుని, నెమ్మదిగా వేసుకున్నాడు. లేచి అద్దం దాకా నడిచాడు, వెనక్కి వచ్చాడు, మళ్ళీ అద్దం దాకా నడిచాడు. కోట్లు చూసుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు దారి ఇచ్చి నిలబడ్డారు.

"ఇవి ఎవరివి?"

"తెలీదు. తెల్లారకముందే గుమ్మంలో పెట్టి పోయారు. తెలిసినా చెప్పకూడదు, అది మా పద్ధతి."

"ఎడమదాని మునివేళ్ళ దగ్గర సొట్ట ఉంది."

"వద్దా అయితే?"

"వద్దని ఎవరన్నారు?" అన్నాడు. ఆ రోజు పుస్తకాలు కొనడం మరిచిపోయాడు.

ఆ తర్వాత ఏడాదికి ఒకసారో రెండుసార్లో ఒక జత వచ్చేది. ఎప్పుడూ తెల్లవారుజామునే, ఎప్పుడూ గుమ్మంలోనే. నల్లవి, ఎర్రటివి, ఒకసారి మెత్తటి జింకతోలువి. నెవిల్ నడక మారింది. తల ఎత్తుకుని వచ్చి మా గుమ్మానికి కొట్టుకునేవాడు. మేనకోడలి పెళ్ళిలో డాన్సు చేశాడట. బాగా చేయలేదు గానీ చేశాడు.

"నాలాంటి కాలున్నవాడు ఈ ఊళ్ళో ఇంకొకడున్నాడు డోరీన్," అనేవాడు. "బస్సెక్కేవాళ్ళ కాళ్ళే చూస్తున్నా. ఇంతవరకు దొరకలేదు."

"దొరికితే ఏం చేస్తావ్?"

"ఏమో. పలకరిస్తా."

అలా పదేళ్ళు గడిచాక ఒక ఏడాదంతా సంచి రాలేదు. మరుసటి ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఒకటి కాదు, మూడు సంచులు వచ్చాయి. ఏడు జతల బూట్లు. అన్నీ తళతళ మెరుస్తున్నవే.

మా పనిలో ఉన్నవాళ్ళకి అలాంటి సంచులు చెప్పే కబురు ఒకటే. మనిషి పోయాక ఇంట్లోవాళ్ళు బీరువా ఒక్కసారిగా ఖాళీ చేస్తారు. ఐరిస్ మాత్రం, "పోతే కోట్లు రావాలిగా? చొక్కాలేవి? ఉట్టి బూట్లేమిటి?" అంది. నాకు ఆ తేడా తట్టలేదు.

శుక్రవారం వెనకగదిలో ఏడు జతలూ చూసి నెవిల్ టోపీ తీసేశాడు. ఒక బూటు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

"తీసుకుంటావా?"

"పలకరిద్దామనుకున్నాను," అన్నాడు.

చివరికి నల్లజత ఒక్కటే తీసుకున్నాడు. "అంత్యక్రియలకి వెళ్ళాలి," అన్నాడు. ఎవరి అంత్యక్రియలకి? అదే తెలీదు. ఆ వారం పేపర్లో చావు ప్రకటనలు చూసి, వయసైన మగవాళ్ళవి రెండు ఏరుకుని, రెండింటికీ వెళ్ళాడు. శవపేటిక చూసి లోపలివాడి పాదాలెంతో ఎవరు చెప్పగలరు? రెండోదాంట్లో పెట్టె మోసేవాళ్ళ పెద్ద, "మీరు ఏ తరఫు?" అని అడిగాడట. తన కాళ్ళకేసి చూసుకుని, "బూట్ల తరఫు" అనేశాడు. ఆయన తలూపి వెనకవరసలో కూర్చోబెట్టాడు.

మిగిలిన ఆరు జతలూ వెనకగదిలోనే ఉండిపోయాయి. ఊళ్ళో ఇంకెవరికి పడతాయి?

ఏప్రిల్‌లో, గురువారం, సంతరోజు. నెవిల్ బస్సు సంత దగ్గర ఆగింది. చంకకర్రలతో ఒక పెద్దాయన, పక్కన భార్య. పెద్దాయన ఎడమ పంట్లాం మోకాలి కింద మడిచి పిన్ను పెట్టి ఉంది. కుడికాలికి ఆసుపత్రివాళ్ళిచ్చిన మెత్తటి గుడ్డబూటు. నెవిల్ సీట్లోంచి దిగి, కాళ్ళు లేవనివాళ్ళు ఎక్కడానికుండే పలక కిందికి వాల్చి, ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. అడుగు ఎక్కడ వెయ్యాలా అని వంగి చూసిన పెద్దాయన అలాగే ఆగిపోయాడు.

"ఆ బూట్లు నావి."

"ఏమండీ?"

"నీ కాళ్ళకున్నవి. నావి. ఎడమదాని ముందు సొట్ట చూడు. కర్రిఎద్దు తొక్కిన గుర్తది. ఇంత లావు ఎద్దు!"

ఆయన గొంతు బస్సు చివరిదాకా వినిపించింది. వినిపించదా మరి! ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ సంతలో పశువుల వేలంపాట పాడిన గొంతది. ఆయనే ఆర్నాల్డ్ మెట్‌కాఫ్. భార్య మ్యూరియల్ టిక్కెట్టు డబ్బుల కోసం సంచిలో అవసరమున్న దానికంటే ఎక్కువసేపు వెతుకుతోంది.

"మ్యూరియల్! ఈ జత సిల్వెస్టర్ పోగొట్టాడన్నావు. బాగుచేయడానికిస్తే పోగొట్టాడన్నావు!"

"బస్సు ఆపేశావు ఆర్నాల్డ్. జనం చూస్తున్నారు."

"చూడనీ. పదకొండేళ్ళయింది ఆ సిల్వెస్టర్‌తో నేను మాట్లాడి! పబ్బులో వాడుంటే నేను బయట నిలబడ్డాను, వానలో!"

"నీకున్నవి రెండు కాళ్ళు. బూట్లు ఇరవై ఆరు జతలు. నా బట్టలు పెట్టుకోవడానికి బీరువాలో చోటేదీ?" అని, ఆ రెండు కాళ్ళ మాట నోరు జారిందని గ్రహించి ఆవిడ పెదవి కరుచుకుంది.

నెవిల్ అప్పటికే ఒంగి తాళ్ళు విప్పుతున్నాడు. "ఇచ్చేస్తానండీ. ఇప్పుడే ఇచ్చేస్తా."

"ఇచ్చి? మేజోళ్ళతో బ్రేకు తొక్కుతావా? లే, లే." పెద్దాయన ముందుసీట్లో కూలబడి దారి పొడవునా ఆ బూట్లే చూస్తూ కూర్చున్నాడు. దిగేటప్పుడు, "ఏమోయ్, పాలిష్ చెయ్యడం ఎవరు నేర్పారు నీకు?" అన్నాడు.

"ఎవరూ నేర్పలేదండీ."

"కనబడుతూనే ఉంది. ఆదివారం మూడింటికి రా. బ్రష్షులు నా దగ్గరున్నాయి."

ఆ ఆదివారం ఏం జరిగిందో నాకు కొంత నెవిల్ చెప్పాడు, కొంత మ్యూరియల్ చెప్పింది. ఆర్నాల్డ్‌కి చాలా ఏళ్ళుగా షుగరు. కాలికి పుండు పడింది, ఏడాదైనా మానలేదు, కిందటి చలికాలంలో ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. ఆసుపత్రి నుంచి రాగానే బీరువా తెరిచి, "ఇవన్నీ చెత్తలో పారెయ్" అన్నాడు. ఆవిడ చెత్తలో వెయ్యలేక మా గుమ్మంలో పెట్టింది. సంతకి కూడా ఆయన అంతవరకూ వెళ్ళలేదు. పిల్లిలా అడుగు చప్పుడు లేని ఆ గుడ్డబూటుతో సంతలోకి ఎలా వెళ్ళాలని పట్టుబట్టి కూర్చున్నాడు. ఆవిడ పోరగా పోరగా ఆ గురువారమే మొదటిసారి బయల్దేరాడు. గేటు దాకా వెళ్ళి, లోపలికి వెళ్ళకుండానే వెనక్కి తిరిగి బస్సెక్కాడు.

"తోలుబూటు వేసుకోకూడదా మరి?" అని నెవిల్ అడిగాడు.

"కొత్తది కరుస్తుంది. కరిస్తే పుండు. పుండు పడితే ఈ కాలూ పోతుంది. నా కాలికి అలవాటైన పాతవన్నీ ఈ మహాతల్లి దానం చేసేసింది."

"నువ్వే పారెయ్యమన్నావు," అంది మ్యూరియల్ టీ పోస్తూ.

"నేను చెప్పింది నువ్వెప్పుడు విన్నావని అది విన్నావు?"

నెవిల్ టీ కప్పు కింద పెట్టాడు. "ఆరు జతలు దుకాణం వెనకగదిలో అలాగే ఉన్నాయండీ," అన్నాడు.

ఆ శుక్రవారం ముగ్గురూ వచ్చారు. నెవిల్ చక్రాలకుర్చీ తోసుకుంటూ, మ్యూరియల్ పక్కన నడుస్తూ. ఆర్నాల్డ్ మా దుకాణాన్ని చుట్టూ చూశాడు, పశువుల కొట్టం చూసినట్టు. నేను ఆరు జతలూ తెచ్చి బల్లమీద వరసగా పెట్టాను. ఆయన ఒక్కోటీ చేతిలోకి తీసుకుని, లోపలికి చెయ్యి పోనిచ్చి, తడిమి చూశాడు.

"నా బూట్లు నేనే కొనుక్కోవాలా?"

"ఇచ్చాక మావే కదండీ," అంది ఐరిస్. ఆవిడ అలాంటి విషయాల్లో మెత్తబడదు.

ఆయన చీటీ తిప్పి చూశాడు. "ఐదు పౌండ్లా? ఈ తోలు ఐదు పౌండ్లా? ఇది దానమా, అవమానమా?"

"ఎవరికీ పట్టని సైజుకి అదే ఎక్కువ."

అంతే, చేతికర్రతో బల్లమీద ఠపీమని కొట్టాడు. "అయ్యలారా, అమ్మలారా! ఒక జత మగబూట్లు, ఒకే చేతిమీద పెరిగినవి, నోట్లో పళ్ళన్నీ గట్టిగా ఉన్నాయి. ఐదుతో మొదలు! ఐదు, ఐదు, ఐదు, పదెవరు?"

"పది," అన్నాడు తనకి తనే, వేరే గొంతుతో.

దుకాణంలో ఉన్న ఏడెనిమిదిమందీ నవ్వుతూ చుట్టూ చేరారు. గొర్రెలు పెంచే టామ్ గార్‌నెట్ చేతిలో పాత ఇస్త్రీపెట్టె పట్టుకునే, "పన్నెండు" అన్నాడు. వాడి కాలు ఎనిమిదో నంబరు.

"టామ్, రెండు కాళ్ళూ ఒకే బూట్లో పెడతావా?"

"మీకంటే తక్కువ పాడితే సంతలో పరువు పోదూ?"

ఆరు జతలూ అలా పాడి తనే కొనుక్కున్నాడు. మధ్యలో ఎర్రజత నిజంగానే టామ్‌కి పోబోయింది. చివరి దెబ్బ కొట్టేసరికి ఆయన గొంతు బొంగురుపోయింది, మొహం ఎర్రగా వెలిగిపోతోంది. మ్యూరియల్ బట్టల కడ్డీ వెనక్కి వెళ్ళి ఎవరిదో కోటు చెయ్యి పట్టుకుని నిలబడింది. నేను దగ్గరికి వెళ్తే, "ఆ గొంతు ఇంట్లో వినబడి నాలుగు నెలలయింది," అంది.

తర్వాతి గురువారం ఆయన కుడికాలికి ఎర్రబూటు వేసుకుని సంతలోకి వెళ్ళాడు. సిల్వెస్టర్ దగ్గరికీ వెళ్ళాడు, చెప్పులు కుట్టే అతని దగ్గరికి, పదకొండేళ్ళ తర్వాత క్షమాపణ చెప్పడానికి. సిల్వెస్టర్ కుట్టుపని ఆపకుండానే, "ఆ బూట్లకి డ్రైవరబ్బాయి కోసం రెండుసార్లు కొత్త అడుగు వేసింది నేనే," అన్నాడట.

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు మాట్లాడితే కదా చెప్పడానికి."

ఆ తర్వాత ఆసుపత్రివాళ్ళు ఎడమకాలికి కట్టిన కృత్రిమపాదం పన్నెండో నంబరే. వాళ్ళ దగ్గర అంతకంటే పెద్దది లేదట. ఎడమబూటు ముందుభాగంలో మ్యూరియల్ ఉన్ని కుక్కేది. పాతజతలు ఎంతకాలం వస్తాయి? రెండేళ్ళకి అడుగులు పోయాయి, తోలు పగిలింది. అప్పుడు నెవిల్ ఒక పని మొదలుపెట్టాడు. ఆర్నాల్డ్ కొత్తజత కొంటే, ముందు నెవిల్ వేసుకుని తిరిగేవాడు. రెండు వారాలు, మూడు వారాలు, రోజూ డ్యూటీలో. తోలు మెత్తబడి, మడతలు పడి, కరిచేదంతా అతన్ని కరిచేశాక తీసుకెళ్ళి ఇచ్చేవాడు.

ఒక శుక్రవారం మా దుకాణంలో కుంటుతూ పుస్తకాల అర దగ్గరికి వెళ్తుంటే పిలిచి కూర్చోబెట్టాను. మడమ వెనక తోలు లేచిపోయి ఎర్రగా ఉంది.

"ఇదేమిటి నెవిల్? నొప్పి పుట్టదా?"

"పుడుతుంది," అన్నాడు. "నాది మానుతుంది కదా."

నేను ఇన్నేళ్ళూ జనాన్ని వాళ్ళ సంచులతో ఎరుగుదును. ఎవరు ఉతికి ఇస్తారో, ఎవరు గుండీలు కోసుకుని ఇస్తారో, ఎవరు ఇచ్చిన వారానికి మళ్ళీ వచ్చి దిగులుగా వెతుక్కుంటారో నాకు తెలుసు. ఇచ్చినవాళ్ళ పేరు చెప్పకూడదన్న పద్ధతి మంచిదే. ఇవ్వడం తేలికవుతుంది, కొనుక్కోవడానికి సిగ్గుండదు. ఆ పద్ధతి ఒక్క సంగతి మాత్రం దాచేస్తుందని నాకు ఆ ఎర్రటి మడమ చూశాకే తోచింది. పుచ్చుకున్నవాడికి కూడా చేతినిండా ఇవ్వాలని ఉంటుంది. ఎవరికివ్వాలో తెలియక ఊరుకుంటాడు. నెవిల్‌కి తెలిసింది, అంతే.

ఆర్నాల్డ్ కిందటి జనవరిలో పోయాడు. భోజనమయ్యాక కుర్చీలో కూర్చుని వార్తలు వింటూ వింటూ వెళ్ళిపోయాడు. రెండోకాలు చివరిదాకా నిలిచింది. పెట్టె మోయడానికి నెవిల్‌ని కూడా రమ్మన్నారు గానీ, అతను భుజం పెడితే పెట్టె ఒకపక్కకి ఒరిగిపోతోంది. అందుకని మ్యూరియల్ చెయ్యి పట్టుకుని వెనక నడిచాడు. ఈసారి ఏ తరఫని అతన్ని ఎవరూ అడగలేదు.

మార్చిలో మ్యూరియల్ మా దుకాణానికి వచ్చి, "ఇంట్లో తోచడం లేదు, ఏదైనా పని ఇవ్వండి," అంది. ఐరిస్ ఆవిడకి ఇస్త్రీ అప్పగించింది. గురువారాలు మాత్రం రాదు. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఒక్కసారైనా సంతకి వెళ్ళి భర్త పాట విననేలేదట. ఇంటిపనితో కుదరలేదు, తర్వాత చూద్దాంలే అనుకుంది. ఇప్పుడు నెవిల్ ఆ రోజు సెలవు పెట్టుకుని తీసుకెళ్తున్నాడు. ఇద్దరూ పైవరస బల్లమీద కూర్చుని, కాగితంలో పొట్లం కట్టిన మాంసపు పేస్ట్రీలు తింటూ, కొత్తగా పాడే కుర్రాడి పాట వింటారు.

"వాడు మధ్యలో ఊపిరి తీసుకుంటున్నాడు," అంటుంది మ్యూరియల్. "ఆర్నాల్డ్ తీసుకునేవాడు కాదని అంతా అంటున్నారు."

మొన్న గురువారం ఆవిడ చెయ్యి ఎత్తింది. నెవిల్ కంగారుగా, "దించండి, దించండి, పాట మీమీదికి వస్తుంది," అన్నాడు. ఆవిడ దించలేదు. ఆరు బాతులు వచ్చాయి. వాటిని ఊళ్ళోకి తీసుకురావడానికి బస్సు తప్ప ఇంకేమీ లేదు. వేరే డ్రైవరు ముందు ఒప్పుకోలేదు, తర్వాత ఒప్పుకున్నాడు. దారిలో ఒకటి తప్పించుకుని సీట్ల కింద దూరితే బస్సంతా వెతికిందట.

నిన్న ఇస్త్రీ చేస్తూ ఆవిడ వాటికి పేర్లు ఆలోచిస్తోంది. వచ్చే ఆదివారం నెవిల్ పలకలూ మేకులూ తీసుకుని గూడు కట్టడానికి వెళ్తున్నాడు. అతనికి వడ్రంగం రాదు. టామ్ గార్‌నెట్ చూపిస్తానన్నాడు.